సిగరెట్టు మానింది ఆయన, రొప్పింది మేము

సిగరెట్టు మానితే మనిషి లావెక్కుతాడట. మొన్న మార్కాపురం బస్సులో నా పక్కన కూర్చున్న కుర్రవాడు ఈ సంగతి లోకంలో తానే మొదట కనిపెట్టినట్టు చెప్పాడు. మానేసి మూడు నెలలైందట. ప్యాంట్లన్నీ బిగుతయ్యాయట. అద్దంలో చూసుకోలేక మళ్లీ మొదలుపెడదామా అని ఆలోచిస్తున్నాడట. “ఒక్కటి కాలిస్తే ఏమైతాది తాతా?” అని నన్నే అడిగాడు.

ఏమవుతుందో నాకు తెలుసు. నేను బడికి పోయి తెలుసుకున్నది కాదు, అరికాళ్లతో తెలుసుకున్నది. చెప్పడం మొదలుపెట్టాను. సగంలో అతని ఊరు వచ్చింది, దిగిపోయాడు. ఈ కాలం వాళ్లకు సగం వింటే చాలు, మిగతా సగం తమకే తెలుసనుకుంటారు. ఆ కుర్రవాడికి చెప్పలేకపోయిన సగం కోసం మొత్తం రాస్తున్నాను. అతనిలాంటివాళ్లు ఇంకా ఉంటారు గదా.

మన తాలూకాలన్నీ మద్రాసు రాజధానిలో, కర్నూలు జిల్లా కింద ఉన్న రోజులవి. నేను గిద్దలూరులో రైలు దారి ఇన్‌స్పెక్టరు దగ్గర ట్రాలీమనుగా ఉండేవాణ్ణి. ట్రాలీ అంటే నాలుగు ఇనుప చక్రాల మీద ఒక చెక్క బల్ల. బల్ల మీద పేముకుర్చీ. కుర్చీలో ఇన్‌స్పెక్టరు. ఇన్‌స్పెక్టరు మీద గొడుగు. ఇన్నిటి వెనక మేము నలుగురం. పట్టా సడలిందా, కట్ట జారిందా అని ఆయన కూర్చుని చూస్తూ పోవాలి. ఆయన చూడగలిగేలా మేము తోస్తూ పరుగెత్తాలి. నేల మీద కాదు, పట్టా మీద, ఉత్త కాళ్లతో. పట్టా వెడల్పు అరచేతిలో సగం కూడా ఉండదు. దాని మీద పరుగెత్తడం నేర్చుకోవడానికి నాకు మూడు నెలలు పట్టింది. ముందుపళ్లలో ఒకటి అప్పుడే పోయింది.

చదును నేల మీద ఇద్దరు తోస్తే చాలు, ఇద్దరు ఎక్కి కూర్చోవచ్చు. దిగువమెట్ట దాటాక నల్లమల ఎక్కుడు మొదలవుతుంది. అక్కడ ముగ్గురు తోయాలి. నాలుగోవాడు ఎర్రజెండా పట్టుకుని వంపు అవతలికి ముందుగా పోవాలి. ఎదురుగా రైలు వస్తే ఆపడానికో, మమ్మల్ని హెచ్చరించడానికో. ఇది పుస్తకంలో ఉన్న రూలు. ఈ నాలుగో మనిషిని మాత్రం గుర్తుపెట్టుకోండి. ఈ కథలో నాకు నిద్రపట్టనివ్వకుండా చేసింది ఆ మనిషి లేకపోవడమే.

మా నలుగురిలో పెద్దవాణ్ణి అందరం మామా అనేవాళ్లం. కంభం దగ్గర పల్లెనుంచి వచ్చిన క్రైస్తవుడు. ఆదివారం చర్చిలో పాటకు గొంతెత్తేవాడు, మిగతా ఆరు రోజులు మా మీద ఎత్తేవాడు. నాకు అక్షరాలు దిద్దించింది ఆయన బైబిలే. తెలుగు దాని నుంచీ, ఇంగ్లీషు స్టేషను బోర్డుల నుంచీ రూలు పుస్తకం నుంచీ కూడబలుక్కుని నేర్చుకున్నాను. రెండోవాణ్ణి నేను బావా అనేవాణ్ణి. గొర్రెలు మేపుకునే ఇంటి మనిషి. రైలు ఉద్యోగం వచ్చినా మొలలో కాపరి కత్తి మాత్రం వదల్లేదు. దానికంటె పదునైనది నోట్లో ఉండేది. మూడోవాడు మాట్లాడని మనిషి. ముగ్గురం అరుస్తుంటే ఒకడైనా నోరు మూసుకుని తోసేవాడు ఉండడం మా అదృష్టం.

ఇక ఇన్‌స్పెక్టరు. మద్రాసులో చదువుకుని వచ్చిన తెలుగాయనే. తెల్లవాడు కాకపోయినా దొర అనే అనాలి. కుర్చీలో ఎవరు కూర్చున్నా దొరే. కొత్తగా వచ్చినప్పుడు పలక మీద రాసే బలపంలా సన్నంగా, తెల్లగా ఉండేవాడు. ఆయన్ను తోయడం మాకు లెక్క కాదు. “కుర్చీలో దొర ఉన్నాడా, గొడుగొక్కటే వస్తాండాదా?” అని బావ అప్పుడప్పుడు ముందుకు తొంగిచూసేవాడు.

సిగరెట్టు ఆరనిచ్చేవాడు కాదు. రేకుడబ్బా ఎప్పుడూ ఒళ్లోనే. అయితే పోతున్న ట్రాలీ మీద గాలికి అగ్గిపుల్ల నిలవదు. కొండను కోసి పట్టాలు వేసిన చోట రెండు పక్కలా రాతిగోడలుంటాయి, కటింగు అంటాం. అక్కడ గాలి ఆడదు. అందుకని ప్రతి కటింగులోనూ “ఆపండయ్యా” అనేవాడు. ఆయన ముట్టించి రెండు దమ్ములు పీల్చేంతసేపు మేము కూలబడేవాళ్లం. ఒకడు జెండాతో వంపు అవతల నిలబడేవాడు, మిగతావాళ్లం నీళ్లు తాగేవాళ్లం. సర్కారు మాకు ఇవ్వని విశ్రాంతి ఆయన సిగరెట్టు ఇచ్చింది. ఎక్కుడు మీద అలాంటి కటింగులు ఐదు. ఐదు సిగరెట్లు, ఐదు విరామాలు. సగం కాలిన పీకలు బావ చెవి మీదికి చేరేవి.

అట్లా రెండేళ్లు గడిచాక ఒకనాడు మూడో కటింగు దగ్గర ఆయనకు దగ్గు తెర వచ్చింది. నేను నీళ్లు తీసుకుపోయాను. నోటికి అడ్డంపెట్టుకున్న చేతిగుడ్డ మీద రక్తం. నేను చూశానని ఆయన చూశాడు. గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. వారం తరువాత రైలు డాక్టరు దగ్గరికి పోయి వచ్చాడు. ఇంకా కాలిస్తే ఊపిరితిత్తులు నిలవవన్నాడట డాక్టరు. మరునాడు వంతెన మీద ట్రాలీ ఆపించి సిగరెట్ల డబ్బా నా చేతికి ఇచ్చాడు.

“లోయలో పారెయ్యి. నా చేత్తో నేను పారేయలేను.”

సగం డబ్బా నిండుగా ఉంది. నేను లోయవైపు తిరిగి, చెయ్యి ఊపి, డబ్బాను పంచె మడతలో పెట్టుకున్నాను. పారేయడానికి మనసొప్పలేదు. అంత మంచి రేకుడబ్బా మా ఇంట్లో ఎన్నడూ లేదు. ఆయన కళ్లు మూసుకుని కూర్చున్నాడు కాబట్టి చూడలేదు.

ఆయన మానాడు. నిజంగానే మానాడు, ఆ మాట ఒప్పుకోవాలి. దగ్గు తగ్గింది. మొహానికి రంగు వచ్చింది. మాకు మొదటి వారంలోనే తెలిసింది, కటింగులు వస్తున్నాయి, పోతున్నాయి, ట్రాలీ మాత్రం ఆగడం లేదు. “దొరా, ఇక్కడ ఆపేవాళ్లం” అని మామ గుర్తుచేస్తే “ఇప్పుడెందుకయ్యా ఆపడం?” అన్నాడు. మా విశ్రాంతులన్నీ అట్లా ఒక్కపూటలో కొట్టుకుపోయాయి.

రెండో నెలలో డబ్బా ఉండే చోటికి ఇంకో డబ్బా వచ్చింది. ఇది పెద్దది, ఇత్తడిది. అమ్మగారు, అంటే ఆయన ఇల్లాలు, నింపి పంపేది. వేయించిన వేరుశనగలు, బెల్లంపాకం ఉండలు, జంతికలు. సిగరెట్టు లేని నోరు ఊరుకోదట. మైలురాయి కనపడితే ఒక ఉండ. కల్వర్టు కనపడితే ఒక జంతిక. కటింగులో సిగరెట్టు గుర్తుకొస్తుంది కాబట్టి అక్కడ గుప్పెడు గింజలు. సిగరెట్టుకు గాలి అడ్డం వచ్చేది, బెల్లం ఉండకు ఏ గాలీ అడ్డం రాదు. అందుకని ఆపకుండానే తినేవాడు. మేము ఆపకుండానే తోసేవాళ్లం.

“నోరు ఖాళీగా ఉంటే చెయ్యి జేబులోకి పోతోందయ్యా,” అనేవాడు మాతో, జాలి పడమన్నట్టు.

“పాపం దొర నోరు ఖాళీగా ఉందంట,” అనేవాడు బావ వెనకనుంచి, రొప్పుల మధ్య. “మన కడుపు మాట అడగడేంది మామా?”

నాలుగో నెలకు పేముకుర్చీ కిర్రుమనడం మొదలుపెట్టింది. ఐదో నెలకు ఆయన లేస్తే కుర్చీ కూడా లేచేది. రెండు చేతులూ కిందికి నొక్కి ఊడదీసుకోవాలి. ట్రాలీ మీంచి పడిపోకుండా కుర్చీని తాళ్లతో బల్లకు బిగించి కట్టాం. స్టేషనులో పార్సిళ్లు తూచే కాటా ఉంది. పార్సిలు గుమాస్తా ఆయన్ను ప్రతి నెలా దాని మీద నిలబెట్టి, మార్కాపురం పలక ఒకటి గోడకు తగిలించి దాని మీద బరువు రాసేవాడు. పక్కనే మద్రాసు పోవలసిన పలకల పెట్టెలు ఉండేవి. బలపంలా వచ్చిన మనిషి పెట్టెలా తయారవుతున్నాడు. ఏడు నెలలకు ఇరవై వీశెలు, అంటే ఈ కాలం లెక్కలో ఇరవై ఎనిమిది కిలోలు, పెరిగాడు. అంకె చూసి, వేలు తడి చేసుకుని, తానే చెరిపేసేవాడు. పలక మీద చెరిపితే పొట్ట మీద చెరిగిపోతుందనుకున్నాడో ఏమో.

సలహాలకు తక్కువ లేదు. స్టేషను మాస్టరు పొద్దున్నే తేనె నీళ్లు తాగమన్నాడు. కాంపౌండరు ఆముదం తాగమన్నాడు. అది తాగిన రోజు ట్రాలీ పదిసార్లు ఆగింది. మాకు మాత్రం అంతకంటె సుఖమైన రోజు ఆ ఏడాదిలో లేదు. ఒక నాటువైద్యుడు ఉలవలు ఉడికించిన కట్టు తాగితే కొవ్వు కరుగుతుందన్నాడు. దొర తాగాడు. అన్నం మానేసి తాగాలని వైద్యుడు చెప్పడం మరిచాడు, దొర అన్నంలో పోసుకుని తాగాడు, అందులోకి వెన్న కూడా. ఒక్కపొద్దు ఉంటానని శపథం పట్టాడు. పొద్దున అన్నం తినడు, ఇత్తడి డబ్బా మాత్రం వెంట వస్తుంది. “ఇది తిండి కాదయ్యా, నోటికి పని” అనేవాడు. ఇంతమంది చదువుకున్నవాళ్లలో ఒక్కడూ ‘అయ్యా, తమరు కుర్చీ దిగి నాలుగడుగులు నడవండి’ అనలేదు. ఎందుకంటారు? కుర్చీలో ఉన్నవాడికి దిగమని చెప్పే సలహా ఏ పుస్తకంలోనూ ఉండదు.

ఎక్కుడు మీద ముగ్గురం సరిపోని రోజు వచ్చింది. ట్రాలీ వెనక్కి జారబోతే జెండా పట్టుకున్న మూడోవాడు పరుగెత్తుకొచ్చి భుజం పెట్టాడు. ఆ రోజు నుంచి నలుగురమూ వెనకే. జెండా చుట్టలు చుట్టి కుర్చీ కింద పడేసి ఉండేది. అది తప్పని మామకు తెలుసు, దొరకు తెలుసు, నాకు రూలు నంబరుతో సహా తెలుసు. తెలిసినవాళ్లం ఇంతమందిమి ఉన్నాం, జెండా పట్టేవాడు లేడు.

ఒక మధ్యాహ్నం దిగువమెట్టలో ట్రాలీ దించి నీళ్లు తాగుతుంటే బావ తన మోకాలు చూపించాడు. ఇంత లావున వాచింది.

“ఇట్ల కాదు బామ్మర్దీ. ఆయప్పతో మళ్లా కాల్పిద్దాం.”

“నోరు మూసుకోరా,” అన్నాడు మామ. “అది పాపం. దేవుడు ఆయన్ని ఒకసారి బయటికి లాగినాడు.”

“దేవుడు లాగినాడు, మనం తోస్తాండాం. ఎవరి పని వాళ్లది. ఒక్క సిగరెట్టు మామా. ఒక్కటి కాలిస్తే ఏమైతాది? గింజలు మాని ఎప్పట్లా సన్నబడతాడు. కటింగుల్లో మనకూ ఊపిరాడతాది.”

మామ లేచి వెళ్లిపోయాడు. బావకు రక్తం సంగతి తెలియదు. మామకూ తెలియదు. తెలిసింది నాకు ఒక్కడికే. నేను అప్పుడు నోరు విప్పి ఉంటే బావ తానే వద్దనేవాడు, అంత చెడ్డవాడు కాదు. నేను విప్పలేదు. నా రెండు మడమలూ పగిలి ఉన్నాయి. ఆయన గుండెల్లో ఏముందో అన్నది ఆ సమయంలో నా మడమల కంటె దూరంగా కనపడింది. మరునాడు పొద్దున దొర ఇంటినుంచి మోసుకొస్తూ ఇత్తడి డబ్బాలో, వేరుశనగల పైన, ఆ పాత సిగరెట్ల డబ్బా పెట్టాను. అగ్గిపెట్టె కూడా.

అదే మూడో కటింగులో ఆయన ఇత్తడి డబ్బా మూత తీశాడు. ఆ రోజు అంతకు ముందు ఎందుకు తీయలేదో తెలియదు. మేము నలుగురం తలలు వంచి తోస్తున్నాం. “ఆపండయ్యా” అని వినపడింది. ఆముదం రోజు తప్పిస్తే ఏడు నెలల తరువాత విన్న మాట. బావ నన్ను మోచేత్తో పొడిచాడు. చక్రాలకు రాళ్లు అడ్డంపెట్టాం. ఆయన ఆ డబ్బాను చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాడు. ఎవరు పెట్టారని అడగలేదు. ముట్టించాడు.

ఒక్క దమ్ము. అంతే. లోపలినుంచి ఏదో చిరిగినట్టు దగ్గు లేచింది. మొహం నల్లబడింది. ఒళ్లోంచి గింజలన్నీ పట్టాల మధ్య చెల్లాచెదరయ్యాయి. సరిగ్గా అప్పుడే వంపు అవతలినుంచి ఇంజను కూత వినిపించింది. టైం పట్టికలో లేని గూడ్సు, నంద్యాల వైపునుంచి పల్లానికి దిగివస్తోంది. వంపు అవతల జెండాతో ఉండవలసిన మనిషి మా పక్కనే నిలబడి ఉన్నాడు.

“దించండి దొరను!” అని మామ అరిచాడు.

దిగడం ఎక్కడ? దగ్గుతో వంగిపోయాడు, పొట్ట కుర్చీ చేతుల మధ్య ఇరుక్కుంది. లాగితే కుర్చీ వస్తోంది, కుర్చీని లాగితే తాళ్లు బిగుస్తున్నాయి. ఆ ముళ్లు వేసింది నేనే, చాలా బాగా వేశాను. బావ మొలలో కత్తి తీసి తాళ్లు కోశాడు. నాలుగు తాళ్లు, నాలుగు కోతలు. మామా నేనూ కుర్చీని దొరతో సహా ఎత్తి, పల్లకీ మోసినట్టు, రాతిగోడ పక్కకు మోసుకుపోయాం. నలుగురు ఎత్తవలసిన ట్రాలీ ఇద్దరికి మిగిలింది. బావా మూడోవాడూ దాన్ని ఒక పక్కకు లేపి పట్టా దాటించారు. దాటించిన తరువాత బావ చెయ్యి జారింది. ట్రాలీ ఇరుసు బావ ఎడమ కాలి మీద పడింది.

గూడ్సు మా మొహాలకు అడుగు దూరంలో పోయింది. అన్ని పెట్టెలూ పోయేదాకా బావ కేక మాకు వినపడలేదు, నోరు తెరుచుకుని ఉండడం మాత్రం కనపడింది.

బావ కాలికి రెండు వేళ్లు పోయాయి. పక్కన ఇంకో వేలు ఎప్పటికీ వంగలేదు. ట్రాలీ ఇరుసు వంగింది కాబట్టి బావను మామా మూడోవాడూ భుజాల మీద మోశారు. దొర నడిచాడు. దిగువమెట్ట దాకా, గుడ్డ నోటికి అడ్డం పెట్టుకుని, పట్టాల పక్కన, నా ముందు. ఒకచోట నిలబడి వెనక్కి తిరక్కుండానే అడిగాడు.

“పారేయమన్నాను గదా నిన్ను.”

“పారేయలేదు దొరా.”

“ఇవాళ పెట్టిందీ నువ్వేనా?”

“నేనే.”

“నువ్వు ఆ రోజు గుడ్డ చూశావు.”

“చూసినాను.”

“మరి ఎందుకయ్యా?”

చెప్పడానికి చాలా ఉంది. చెప్పింది ఒకటే. “మీరు శానా బరువైనారు దొరా.”

ఆయన మళ్లీ నడవడం మొదలుపెట్టాడు. నా ఉద్యోగం పోయిందనుకున్నాను.

పోలేదు. పదిహేను రోజుల తరువాత ఆఫీసు సంచీ మోసుకుపోతుంటే అందులో రిపోర్టు నకలు కనపడింది. వేపచెట్టు కింద కూర్చుని ఒక్కొక్క మాట కూడబలుక్కున్నాను. మా అందరికీ పేర్లు కాదు, నంబర్లు ఉండేవి. ప్రమాదానికి కారణం ట్రాలీమను అజాగ్రత్త అని రాసి ఉంది. అజాగ్రత్తగా ఉన్న ట్రాలీమను నంబరు కూడా ఉంది. అది బావ నంబరు. సిగరెట్టు లేదు, గింజలు లేవు, కుర్చీ లేదు, జెండా లేదు. ఇరవై వీశెలూ ఎక్కడికి పోయాయో, ఆ కాగితం మీద దొర మళ్లీ బలపంలా ఉన్నాడు.

బావ దగ్గరికి పరుగెత్తాను. మంచం మీద కాలు చాపుకుని కూర్చున్నాడు. చదివి వినిపించాను.

“మాటలన్నీ సరిగ్గానే రాసినాడే,” అన్నాడు. “నంబరొకటే తప్పు.”

“నేను పోయి పైవాళ్లకు నిజం చెప్తా బావా. రక్తం సంగతి కూడా చెప్తా.”

“రక్తమేంది?”

చెప్పాను.  తిడతాడనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది.

“కాల్పిద్దామని నేనంటి. డబ్బా నువ్వు పెట్టినావు. కాల్చింది ఆయన. ముగ్గురం కలిసి చేసిన పనికి కాలు ఒక్కటే పోయింది, అది నాది. పో, పోయి చెప్పు. నీ ఉద్యోగం పోతాది, నా వేళ్లు మొలుస్తాయి.”

నేను పైవాళ్లకు చెప్పలేదు. ఇది రాస్తున్నది నన్ను నేను మెచ్చుకోవడానికి కాదు కాబట్టి ఆ మాట స్పష్టంగా రాస్తున్నాను. నేను పోయింది దొర దగ్గరికి. రూలు పుస్తకం చంకలో పెట్టుకుని పోయాను.

“ఎక్కుడులో ఒకడు జెండాతో ముందు పోవాలని ఇందులో ఉంది దొరా. బావ బదులొచ్చిన కొత్తోడితో కలిపి నలుగురం తోస్తాంటే ఎవడు పోవాల? మీరు దిగి నడిస్తే ఇద్దరం తోస్తాం, ఒకడు ముందు, ఒకడు వెనక జెండా పడతాం.”

“నాకే రూలు చెబుతావా? నీకు ఇంగ్లీషు చదవడం వచ్చా?”

“రిపోర్టు చదివేంత వచ్చింది దొరా.”

అమ్మగారు లోపల ఏదో వేయిస్తున్న వాసన వస్తోంది. దొర పుస్తకం మూసి నా చేతికి ఇచ్చాడు. మరునాడు దిగువమెట్ట దాటగానే “ఆపండయ్యా” అన్నాడు, కుర్చీ ఊడదీసుకుని దిగాడు.

మొదటి రోజు అరమైలు. రొప్పి రాయి మీద కూర్చున్నాడు. ఆ రొప్పు మాకు పరిచయమైనదే, వినడానికి మాత్రం కొత్తగా ఉంది. మామ పాపం అన్నాడు గాని ట్రాలీ ఆపలేదు. ఇత్తడి డబ్బా ట్రాలీ మీదే ఉంది, ట్రాలీ ఆయనకు ఎప్పుడూ ఒక పిలుపు దూరం ముందు ఉంటుంది. “రండి దొరా, ఇదిగో పక్కనే!” అని మామ చర్చిలో పిలిచినంత ప్రేమగా పిలిచేవాడు. దొర అందుకునేసరికి ట్రాలీ కదిలేది. నడిచే మనిషికి నమలడానికి ఊపిరి చాలదని ఆయనకు అప్పుడు తెలిసింది. మాకు ఎప్పుడో తెలుసు.

కటింగులు మాత్రం కష్టం. అక్కడికి రాగానే ఆయన చెయ్యి జేబు దగ్గరికి పోయేది. మామ మజ్జిగ ముంత అందించి “నిలబడండి దొరా, ఒక సిగరెట్టు కాలేంతసేపు నిలబడండి. అది వచ్చినట్టే పోతాది” అనేవాడు. నిలబడేవాడు. కళ్లు మూసుకుని, గోడకు చెయ్యి ఆనించి. మేమూ నిలబడేవాళ్లం. ఐదు కటింగులు, ఐదు విరామాలు, అన్నీ తిరిగి వచ్చాయి. రెండో నెలలో అమ్మగారు ఇత్తడి డబ్బాలో దోసకాయ ముక్కలు పెట్టి పంపింది. ఆ రోజు ఆయన మొహం చూడవలసింది. అయినా తిన్నాడు. పలక మీద అంకెను వేలితో చెరపడం మానేశాడు. ఏడాదికి పదహారు వీశెలు దిగాడు. బలపం కాలేదు, ఏ మనిషీ మళ్లీ బలపం కాడు. కుర్చీలోంచి కుర్చీ లేకుండా లేవగలిగాడు, అది చాలు. దగ్గు తిరిగి రాలేదు.

బావను ఎక్కుడు కింద గేటు కాపలాకు వేశారు. బండ్లూ గొర్రెలూ దాటే చోట ఒక గుడిసె, రెండు అడ్డకర్రలు. గేటు కనపడగానే దొర ట్రాలీ దిగేవాడు, అక్కడ ఎక్కుడు లేకపోయినా. బావ ముందునుంచి నడిచే పోయేవాడు. ఎండైనా వానైనా సరే. ఒక్కరోజూ బావతో మాట్లాడలేదు. బావ సలాము చేసి, “ఇంకో రెండు వీశెలుండాయి దొరా!” అని వెనకనుంచి కేకవేసేవాడు.

రెండేళ్ల తరువాత దొరకు బదిలీ అయింది. ఆఖరిసారి గేటు దగ్గర దిగి, ఈసారి ముందుకు పోకుండా గుడిసె ముందు నిలబడ్డాడు. బావ స్టూలు మీంచి లేవబోయాడు. ఆయన వద్దని చెయ్యి ఊపి ఆ కాలువైపు చూశాడు. ఏదో చెప్పాలని వచ్చాడు. అడ్డకర్ర పట్టుకుని నిలబడ్డాడు. నేను ట్రాలీ దగ్గర జెండా పట్టుకుని నిలబడి ఉన్నాను. నాకూ చెప్పవలసింది ఉంది, నేనూ నిలబడే ఉన్నాను.

బావ గుడిసెలోకి చెయ్యి పెట్టి ఒక డబ్బా తీశాడు. ఆ సిగరెట్ల డబ్బా. కటింగులో పడి ఉంటే నేనే ఏరుకొచ్చి ఇచ్చాను, ఇంట్లో ఉంచుకోలేక. ఇప్పుడు అందులో సిగరెట్లు లేవు. నిండా వేయించిన వేరుశనగలు. మూత తీసి దొర ముందుకు చాపాడు.

“తీసుకోండి దొరా. కడుపునిండా తినండి. ఇప్పుడు తోసేది నేను కాదు గదా.”

దొర ఒక్క గింజ తీసుకున్నాడు. నోట్లో వేసుకోలేదు. దాన్ని గుప్పిట్లో పట్టుకుని, ట్రాలీ ఎక్కకుండా, గిద్దలూరు స్టేషను దాకా పట్టాల పక్కన నడిచాడు. మేము ఖాళీ కుర్చీని వెనక తోసుకుంటూ పోయాం.